త్రీనాట్‌త్రీకి చిల్లు బిళ్ళ

ఎనభైల్లో మేం టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో ఉండేవాళ్ళం. వారమంతా నేను ఆస్పత్రి ల్యాబ్‌లో మైక్రోస్కోపు మీద వంగి కూర్చునే పెథాలజిస్టుని. శని, ఆదివారాలొస్తే ఊరి బయట రేంజ్‌లో బోర్లా పడుకుని త్రీనాట్‌త్రీ పేల్చేదాన్ని. ఈ రెండో సంగతి మా తెలుగు స్నేహితుల్లో చాలామందికి చెప్పేదాన్ని కాదు. చెప్పినా నమ్మేవాళ్ళు కాదు. నమ్మిన ఒకరిద్దరూ మా ఆయన వంక జాలిగా చూసేవాళ్ళు.

ఈ పిచ్చి నాకు కాకినాడలో కాలేజీ రోజుల్లోనే పట్టుకుంది. ఎన్‌సీసీలో ఆడపిల్లలకి చిన్న పాయింట్ టూటూ రైఫిల్ ఇచ్చేవారు. పక్క వరసలో మగపిల్లల చేతుల్లో త్రీనాట్‌త్రీలు. పోలీసు స్టేషన్ ముందు సెంట్రీ భుజాన బరువైన తుపాకీ ఉంటుందే, అదే. అది పేలితే నేల అదిరేది, నా ఒళ్ళు పులకరించేది. "సార్, మాకూ ఒక్క రౌండు ఇవ్వండి సార్" అని ఎన్నిసార్లు బతిమాలుకున్నానో. "భుజం ఊడి చేతికొస్తుందమ్మా, అప్పుడు నిన్నెవరు చేసుకుంటారు?" అని మా ఇన్‌స్ట్రక్టరు నవ్వేవాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. టూటూతో ఆ మగపిల్లలందరికన్నా నా గుళ్ళే దగ్గర దగ్గరగా పడేవి. అయినా సరే, ఒక్కనాడూ చేతికివ్వలేదు.

అందుకే డల్లాస్‌లో ఒక గన్ షోలో బల్ల మీద అది కనబడగానే నా కాళ్ళు ఆగిపోయాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. కర్ర నిండా గీతలు, దెబ్బలు, ఎవరెవరి అరచేతుల చెమటో పట్టి నల్లబడిన నునుపు. "ఇది ఇండియా నుంచి వచ్చిందమ్మా" అన్నాడు అమ్మేవాడు. "నేనూ అక్కణ్ణుంచే" అన్నాను. మా ఆయన పక్కనుంచి చెవిలో, "ఇంట్లో కుక్కర్ గట్టిగా కూస్తేనే ఉలిక్కిపడతావు, నీకెందుకోయ్ ఇది?" అన్నారు. నేను వినిపించుకోలేదు. కాయితాలన్నీ పూర్తి చేసి, సంటిపిల్లని తెచ్చుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

కొన్నాళ్ళు స్వర్గంలో ఉన్నాను. తరవాత నాకు నలభై దాటాయి, నా కళ్ళు నాకు ఎదురుతిరిగాయి.

సంగతేమిటంటే, ఆ తుపాకీతో గురి పెట్టాలంటే మూడు వస్తువులు ఒకే వరసలోకి రావాలి. గొట్టం మీద ఒక చిన్న గాడి, గొట్టం చివర నిలబెట్టిన పుల్ల, దూరాన టార్గెట్ మీద నల్లచుక్క. పడుచు కళ్ళు మూడింటినీ ఒక్క చూపులో కలిపేస్తాయి. నాకేమో గాడి చెరిగిన ముగ్గులా కనబడటం మొదలైంది. చదువుకునే అద్దాలు పెట్టుకుంటే గాడి తేటపడేది, టార్గెట్ మాయమయ్యేది. అద్దాలు తీసేస్తే టార్గెట్ వచ్చేది, గాడి పోయేది. ఆ ఏడు ఆకులు రాలే కాలంలో మా క్లబ్బువాళ్ళు పాత మిలిటరీ రైఫిళ్ళకి మ్యాచ్ పెడితే, నా గుళ్ళలో కొన్ని కాగితం మీదే పడలేదు. కాగితం మీదే! నా టార్గెట్ తెచ్చిచ్చిన మనిషి మర్యాదకి, "ఇవాళ గాలి ఎక్కువగా ఉంది మ్యామ్" అన్నాడు. ఆ రోజు ఆకు కూడా కదల్లేదు.

కారెక్కి తలుపు ధడాలున వేశాను. "వచ్చే ఏడు మ్యాచ్‌లోనూ ఇలాగే అయితే దీన్ని అమ్మేస్తాను. గురి కనబడని మనిషికి తుపాకీ ఎందుకు?" అన్నాను. నేను అన్నానంటే చేస్తానని మా ఆయనకి తెలుసు. ఒకసారి రాగం కుదరలేదన్న కోపంతో నా వీణ ఎవరికో ఇచ్చిపారేశాను. తరవాత ఎన్నాళ్ళు ఏడ్చానో పక్కనుండి చూసినవారు ఆయనే.

మా క్లబ్బులో డెబ్భై దాటిన పెద్దాయన ఒకాయన రేంజ్ ఆఫీసరు. ఎప్పుడు కాల్చాలో, ఎప్పుడు ఆపాలో ఆయన కేక వేస్తేనే మేం కదలాలి. తరవాతి వారం నా మొహం చూసి ఆయనే కదిపాడు. "టెలిస్కోపు పెడితే మ్యాచ్‌కి ఒప్పుకోం. కానీ పీప్ సైట్ పెట్టుకోండి, అభ్యంతరం లేదు. నా కళ్ళకి మీ కళ్ళ కన్నా పాతికేళ్ళు ఎక్కువ, దాంతోనే నెట్టుకొస్తున్నాను" అన్నాడు. పీప్ సైట్ అంటే మరేం లేదు, చిల్లు బిళ్ళ. గొట్టం మీది గాడిని వదిలేసి, తుపాకీ వెనక భాగాన, కంటికి దగ్గరగా ఒక గుండ్రటి ఇనప బిళ్ళ నిలబెడతారు. దాని మధ్యలో సన్నటి చిల్లు. ఆ చిల్లు వంక చూడక్కర్లేదు, అందులోంచి చూస్తే చాలు. అంత సన్నటి సందులోంచి వచ్చే వెలుతురుకి దగ్గరవీ దూరానివీ కూడా తేటపడతాయి. డాక్టర్ని, ఈ సంగతి చదువుకున్నదాన్నే. ఇంటికెళ్ళేదాకా కారులో నా నోరు ఆగలేదు.

ఇంక వేట మొదలైంది. తీరా చూస్తే కొత్తగా అమ్మే పీప్ సైట్లన్నీ తుపాకీకి కన్నాలు పొడిచి బిగించేవే. తుపాకులు బాగుచేసే షాపతను నా రైఫిల్ని అటూ ఇటూ తిప్పి, "రెండు చిన్న కన్నాలు, అంతే. సాయంత్రానికి ఇచ్చేస్తాను" అన్నాడు. నాకు చర్రుమంది. రెండు యుద్ధాలు గడిచి, ఏ దేశాలో తిరిగి నా దగ్గరికి చేరినదాన్ని, నా కళ్ళు సన్నగిల్లాయని నేను పొడిపించాలా? "దీని ఒంటి మీద డ్రిల్లు పెడితే ఊరుకోను" అని మా ఆయనకి కూడా అక్కడే చెప్పేశాను.

మరో గన్ షోలో, తుప్పు పట్టిన విడిభాగాలు పోసిన డబ్బాలో మా ఆయనకే దొరికింది. ఆయన మెకానికల్ ఇంజనీరు, నూనె బావులు తవ్వే యంత్రాల కంపెనీలో పని. ఇనుము కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. డబ్బా అడుగు దాకా కెలికి, నల్లటి పట్టీ, దాని మీద మరలు తిరిగే నిలువు ముక్క, దాని కొసన చిల్లు బిళ్ళ ఉన్న వస్తువొకటి పైకి తీశారు. ఇంగ్లండులో చేసింది. సరిగ్గా మా త్రీనాట్‌త్రీ కోసమే చేసింది! తుపాకీ ఎడమ పక్కన సేఫ్టీ మీటని పట్టి ఉంచే స్క్రూ ఒకటి ఉంటుంది. అది తీసి, అదే కన్నంలో ఇంకాస్త పొడుగు స్క్రూ వేసి ఈ పట్టీ బిగించాలి. కొత్తగా ఒక్క కన్నం కూడా పొడవక్కర్లేదు. "చూశావా?" అన్నారు ఆయన. జాతరలో తప్పిపోయిన పిల్ల దొరికినంత సంబరం ఆ మొహంలో. ఆ సంబరంలో ఇద్దరం చూసుకోలేదు, ఆ పొడుగు స్క్రూ లేదు.

అమెరికాలో స్క్రూ దొరకదా అనుకున్నాం. దొరకదు! ఇంగ్లీషువాడి మర వేరు, అమెరికావాడి మర వేరు. ఊళ్ళో ఉన్న హార్డ్‌వేర్ షాపులన్నీ తిరిగాం. ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకునేది, ఇంకోటి వదులుగా ఊగేది. బలవంతంగా తిప్పితే తుపాకీలో మరలు పాడైపోతాయని నేను పక్కన నిలబడి కేకలు. చివరికి మా ఆయన పాత స్క్రూ జేబులో వేసుకుని ఆఫీసుకి తీసుకెళ్ళి, భోజనాల వేళ లేతు మిషను మీద స్వయంగా కొత్తది తయారుచేశారు. మొదటిది విరిగింది. రెండోది పొట్టిదైంది. మూడోది తెచ్చిన సాయంత్రం ఆయన కారు హారన్ కొట్టుకుంటూ వచ్చారు. వీధిలోవాళ్ళు బయటికొచ్చి చూశారు.

ఆ వేసవిలోనే రాజమండ్రి నుంచి మా అత్తగారు వచ్చారు, ఆరు నెలలుండి వెళ్దామని. ఆవిడకి తుపాకీ అంటే భయం. నేను దాన్ని ఇనప బీరువాలో పెట్టి తాళం వేస్తున్నా సరే, "అది ఇంట్లో ఉందంటే నాకు కంటి మీద కునుకు రాదే అమ్మాయ్" అనేవారు. అయినా మేమిద్దరం గరాజ్‌లో చేరామంటే ఆవిడా వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. టెక్సస్ ఎండకి గరాజ్ పొయ్యిలా ఉండేది. గ్లాసుల్లో మజ్జిగ వస్తూ ఉండేది.

స్క్రూ దొరికింది కదా, బిగించేయడమే అనుకున్నాను. ఎక్కడ! పట్టీ తుపాకీకి అంటుకుని కూర్చోదు, ఒక మూల లేచి ఉంటుంది. వెంట్రుకవాసి సందున్నా పేలిన అదురుకి గురి కదిలిపోతుందన్నారు ఆయన.

"నీ కాటుక డబ్బా ఇలా తీసుకురా."

"దేనికండీ?"

"తేవోయ్, చెబుతాను."

వాళ్ళ ఫ్యాక్టరీలో ఇలాంటి పనికి నీలం రంగు ముద్ద వాడతారట. అది లేదు కాబట్టి నా కాటుక. తుపాకీ పక్క మీద వేలితో పలచగా కాటుక రాసి, పట్టీని అక్కడ అదిమి, తీసి చూడటం. పట్టీ మీద ఎక్కడ నల్లగా అంటుకుంటే అక్కడ ఎత్తుగా ఉన్నట్టు. ఆ మేరకి ఆకురాయితో రెండు రుద్దులు. మళ్ళీ కాటుక, మళ్ళీ అదమడం, మళ్ళీ రుద్దడం. రుద్దేది పట్టీనే, తుపాకీని కాదు. నాకు మొదటి అరగంట ముచ్చటగా ఉంది. తరవాత ఒళ్ళు మండిపోయింది.

"ఇంకెంత సేపండీ?"

"నువ్వు లోపలికి పోయి చారు పెట్టు."

"నా తుపాకీ, నా కాటుక. నేనెక్కడికీ పోను."

గుమ్మంలోంచి అత్తగారు, "తుపాకీకి కాటుక పెడుతున్నారేంట్రా, మీ దుంప తెగ!" అని నవ్వడం మొదలుపెట్టారు. ఆవిడ ఆ తుపాకీ వైపు చూసి నవ్వడం అదే మొదలు.

అలా మూడు వారాలు శని, ఆదివారాలు గడిచాక ఒక సాయంత్రం పట్టీ మొత్తం నల్లగా అంటుకుంది, అంచు నుంచి అంచు దాకా. మా ఆయన ఆకురాయి కింద పెట్టారు. కాటుకంతా తుడిచి, చుక్క నూనె వేసి, కొత్త స్క్రూ తిప్పారు. కిర్రుమనకుండా, వెన్నలో వేలు దిగినట్టు దిగింది. పాత గాడి ఉన్న పట్టీని అడ్డం రాకుండా పూర్తిగా కిందికి దించేశాం. గరాజ్ తలుపు మూసి, ఎదురు గోడకి తెల్లకాగితం మీద నల్లచుక్క పెట్టి అంటించారు. తుపాకీ ఖాళీగా ఉందని ఇద్దరం రెండుసార్లు చూశాం. నేను కాళ్ళు తుడుచుకునే పట్టా మీద బోర్లా పడుకుని, చెంప కర్రకి ఆనించి, చిల్లులోంచి చూశాను.

అబ్బ! ఏం చెప్పను! బిళ్ళ ఎటో మాయమైపోయింది. పుల్ల నిలబడి ఉంది, అంచులు చాకుతో కోసినట్టు. దాని తలమీద నల్లచుక్క, గుండ్రంగా, ఎక్కడా చెదరకుండా. కాగితాన్ని అంటించిన టేపు మీది ముడత కూడా కనబడుతోంది. కాకినాడలో పద్దెనిమిదేళ్ళప్పుడు చూసిన చూపు అది. "కనబడుతోందండీ! కనబడుతోంది! పుల్ల కనబడుతోంది, చుక్క కనబడుతోంది, అన్నీ కనబడుతున్నాయి!" అని అరుస్తున్నాను, ఏడుస్తున్నాను. ఆయన పక్కన నేల మీద కూలబడి, నల్లటి చేతులతోనే నా తల నిమిరారు. రెండు రోజులు నా జుట్టు కాటుక వాసన వేసింది.

మర్నాడే రేంజ్‌కి పరిగెత్తాం. కొత్త గురి ఎక్కడ చూపిస్తే గుండు అక్కడికి పోతుందన్న నమ్మకం లేదు కదా. తుపాకీ వెనక తూటాని లోపలికి తోసే బోల్టు తీసేసి, గొట్టంలోంచే తొంగిచూస్తే టార్గెట్ కనబడుతుంది. తుపాకీని కదలకుండా ఇసక సంచుల మీద పెట్టి, చిల్లులోంచి కూడా అదే చోటు కనబడేలా మరలు తిప్పాం. అప్పుడు బోల్టు పెట్టి మొదటి గుండు కాల్చాను. కుడివైపు పైమూలన పడింది. కాగితం మీద పడింది! మా ఆయన జేబులోంచి క్యాలుక్యులేటర్ తీశారు. "ఆ లెక్కలు తరవాత, ముందు ఎడమకి తిప్పండి" అన్నాను. "ఎంత తిప్పాలో తెలియకుండా ఎలా తిప్పుతాను?" "టిక్కుమనేదాకా తిప్పండి, కాలుస్తాను, చూద్దాం." "ఇలాగేనా మీ ల్యాబ్‌లో రిపోర్టులు రాసేది?" ఇలా పోట్లాడుకుంటూనే ఒక్కో టిక్కు తిప్పుకుంటూ నడిమికి చేరాం. చివరి గుళ్ళన్నీ నల్లచుక్కలోనే. చీకటి పడేదాకా ఉందామన్నాను. రేంజ్ మూసేశారు.

ఒక్కటే లోపం. మిట్టమధ్యాహ్నం ఎండకి ముందున్న ఇనప పుల్ల తళతళ మెరుస్తోంది, కన్ను చెదురుతోంది. దానికి మందు నాకు ఎన్‌సీసీ నాడే తెలుసు. హారతి కర్పూరం. అది కాలితే వచ్చే నల్లటి పొగలో పుల్లని కాసేపు ఉంచితే మసి పట్టి, ఏ ఎండకీ మెరవదు. మ్యాచ్‌కి మూడు రోజుల ముందు గరాజ్‌లో, ఖాళీ తుపాకీ పట్టుకుని, హారతి పళ్ళెంలో కర్పూరం వెలిగించి, గొట్టం చివర ఆ పొగ మీద పెట్టి అటూ ఇటూ ఆడిస్తున్నాను. వెనక చప్పుడైతే తిరిగి చూశాను. అత్తగారు గుమ్మంలో రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నారు.

"హారతిస్తున్నావా అమ్మా? ఎంత మంచి పని. నేనే చెబుదామనుకున్నాను, ఎల్లుండే కదా మహర్నవమి. ఆయుధం ఇంట్లో పెట్టుకుని పూజ చెయ్యకపోతే ఎలా? ఆ రోజు నేను చేస్తానులే" అన్నారు.

మసి గురించి, పుల్ల గురించి ఆవిడకి వివరించే ఓపిక నాకు లేదు. పైగా ఆ మొహంలో భయం పోయి భక్తి వచ్చింది, దాన్నెందుకు చెడగొట్టడం? "అలాగేనండి అత్తయ్యగారూ" అనేశాను.

నవమినాడు నేను ఆస్పత్రి నుంచి వచ్చేసరికి మా ఇల్లు గుర్తుపట్టలేకపోయాను. రెండు కార్లకీ పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. మిక్సీకి బొట్టు. మా ఆయన పనిముట్ల పెట్టెకి బొట్టు. నా స్టెతస్కోపుకి బొట్టు. హాల్లో పీట మీద, ఎర్రటి జాకెట్టు గుడ్డ పరిచి, నా త్రీనాట్‌త్రీ! మా ఆయన బీరువాలోంచి తీసి, ఖాళీగా ఉందని చూసి, దగ్గరుండి చేయించారట. కొబ్బరినూనె రాసి నిగనిగలాడించారు. కర్ర నుంచి గొట్టం కొస దాకా వరసగా గంధం, కుంకుమ బొట్లు. నుదుట బాసికం ఒక్కటే తక్కువ. నేను నవ్వి, దణ్ణం పెట్టుకుని, పులిహోర తిన్నాను.

మ్యాచ్ రోజు పొద్దున్నే పాతగుడ్డతో నూనె, బొట్లు అన్నీ గబగబా తుడిచేశాను. అత్తగారు తానూ వస్తానన్నారు. పూజ చేసింది తాను కదా, ఎలా కొడుతుందో చూడాలట. చెవుల్లో దూది, దాని మీద మఫ్లర్, దాని మీద క్లబ్బువాళ్ళిచ్చిన ఇయర్‌మఫ్స్. మడత కుర్చీలో అందరికన్నా వెనక కూర్చోబెట్టాం.

నా వంతు వచ్చింది. చాప పరిచి పడుకున్నాను. ఇవాళ్టితో తేలిపోవాలి, ఇది నా దగ్గర ఉంటుందో, పోతుందో. రేంజ్ ఆఫీసరు కేక వేశాడు. చెంప ఆనించి చిల్లులోంచి చూశాను.

ఎరుపు. పుల్ల లేదు, టార్గెట్ లేదు. కన్ను నిండా ముదురు ఎరుపు, అంతే.

మీరైతే ఏమనుకునేవారో. నేను డాక్టర్ని. కంట్లో రక్తనాళం చిట్లితే చూపు ముందు ఎర్రటి తెర దిగుతుందని చదువుకున్నదాన్ని. కళ్ళు గట్టిగా మూసేసుకున్నాను. తెరవడానికి భయం. అటూ ఇటూ తుపాకులు పేలుతున్నాయి, ఖాళీ తూటాలు చాప మీద పడుతున్నాయి. అయిపోయింది, తుపాకీ సంగతి దేవుడెరుగు, మైక్రోస్కోపు కూడా పోయింది అనుకున్నాను. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. చివరికి తల ఎత్తి, నెమ్మదిగా కన్ను తెరిచాను.

నీలంగా ఆకాశం. పచ్చగా గడ్డి. దూరాన తెల్లటి కాగితాలు. ఎక్కడా ఎరుపు లేదు. మళ్ళీ చిల్లులోంచి చూస్తే, ఎరుపు!

కుంకుమ! బొట్టు! గుండ్రటి బిళ్ళ కనబడితే ఆవిడ దానికి బొట్టు పెట్టకుండా వదులుతారా? పైన ఉన్నది నేను తుడిచాను, కొబ్బరినూనెలో తడిసి చిల్లులోకి దిగిన కుంకుమని ఇంకా లోపలికి నెట్టాను. బోల్టు తెరిచి, బిళ్ళ విప్పి, గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసి ఒక్క పోటు పొడిచాను. ఎర్రటి ముద్ద ఊడి చాప మీద పడింది. రేంజ్ ఆఫీసరు వంగి, "అంతా బాగానే ఉందా మ్యామ్?" అన్నాడు. నేను నవ్వుతున్నాను, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "ఇంతకన్నా బాగా ఎప్పుడూ లేదండీ" అన్నాను. ఆయనకి ఏమీ అర్థమై ఉండదు.

బిళ్ళ బిగించాను. పుల్ల వచ్చింది. చుక్క వచ్చింది. ఇంక చూడండి నా సామిరంగా! ఊపిరి బిగబట్టడం, నొక్కడం, భుజానికి గుద్దు, బోల్టు లాగడం, తోయడం, మళ్ళీ. మిగిలిన టైములో గబగబా కాల్చాను. కాల్చిన ప్రతిసారీ ఎక్కడ పడిందో చూడక్కర్లేకుండానే తెలిసిపోతోంది. కాల్పులు ఆగాక రేంజ్ ఆఫీసరు తన టెలిస్కోపులోంచి నా టార్గెట్ చూసి, టోపీ వెనక్కి తోసి, "నిరుడు వచ్చింది మీరేనా?" అని అడిగాడు. అన్నీ నల్లచుక్కలోనే. అన్నీ! తుపాకీ అమ్మకం మాట అక్కడితో సరి.

ఇంకో రౌండు మిగిలి ఉంది. చిల్లు అంచుల్లో ఇంకా ఎరుపు ఉందని, అది శుభ్రం చేద్దామని, బిళ్ళ ఒక్కటి విప్పి చేతిలో పెట్టుకుని, తుపాకీ తెరిచి బల్ల మీద వదిలేసి వచ్చాను. టార్గెట్లు మార్చడానికి వెళ్ళినవాళ్ళలో మా ఆయన కూడా ఉన్నారు. నేను తిన్నగా అత్తగారి కుర్చీ దగ్గరికి వెళ్ళాను. సంతోషంలో ఉన్నా నా నోరు నా నోరే.

"అత్తయ్యగారూ, ఎంత పని చేశారండీ! ఈ చిల్లులో బొట్టు పెడితే నేనెలా చూసేది? ప్రాణం పోయిందనుకోండి!"

"చిల్లా? ఏ చిల్లే?"

"ఇదిగోండి, ఈ చిల్లు."

ఆవిడ బిళ్ళ చేతిలోకి తీసుకుని, చాచి పట్టుకుని చూశారు, దగ్గరగా పెట్టుకుని చూశారు. వేలితో తడిమారు. "నున్నగా బిళ్ళలా ఉంది, దానికే పెద్ద బొట్టు పెట్టాను. దీనికి చిల్లెక్కడుందే?" అన్నారు.

బిళ్ళని చీర కొంగుతో తుడిచి, ఆవిడ ఒక కన్ను నా అరచేత్తో మూసి, రెండో కంటికి దాన్ని ఆనించి పట్టుకున్నాను. "ఇందులోంచి చూడండి."

"ఏం చూడను?... అమ్మో! అమ్మో, అమ్మాయ్! అక్కడ గడ్డి ఉందే! పోచ పోచా కనబడుతోందే!" ఆవిడ నా చెయ్యి తోసేసి బిళ్ళ తనే పట్టుకున్నారు. తల అటు తిప్పి, ఇటు తిప్పి, కంచె తీగ, కారు నంబరు, నా చీర మీద పువ్వులు, అన్నిటినీ పేరు పెట్టి పిలిచినట్టు చెప్పుకుంటూ పోతున్నారు. చిన్నపిల్లలా కుర్చీలో ఎగురుతున్నారు.

అంతలో మా ఆయన నా టార్గెట్ గాలిలో ఊపుకుంటూ, నవ్వుకుంటూ వచ్చి ఆవిడ ముందు నిలబడ్డారు. "చూశావా అమ్మా, నీ కోడలు ఎలా కొట్టిందో!" అని కాగితం చాపి చూపించారు.

ఆవిడ కాగితం వంక చూడలేదు. బిళ్ళ అలాగే కంటికి పెట్టుకుని ఆయన మొహాన్నే చూస్తున్నారు. రెండో చెయ్యి నెమ్మదిగా పైకి లేచి ఆయన చెంప మీద ఆగింది.

"ఒరే నాన్నా, నీ కళ్ళ కింద ఇన్ని ముడతలెప్పుడొచ్చాయిరా?"

మా ఆయన నవ్వు మొహం మీదే ఆగిపోయింది. వెనక రేంజ్ ఆఫీసరు రెండో రౌండుకి నా వరస పిలుస్తున్నాడు. బల్ల మీద నా తుపాకీ బిళ్ళ లేకుండా ఎదురుచూస్తోంది. "అత్తయ్యగారూ, ఆ బిళ్ళ" అన్నాను.

"ఆగవే, ఇంకాస్సేపు చూడనీ" అన్నారావిడ.

నేను రేంజ్ ఆఫీసరు వైపు తిరిగి, ఈ రౌండుకి రానని చెయ్యి ఊపాను.